ఇరవైల లెక్క, కాగితపు నోటు

మన పెద్దలు చింతపండు, కొండచీపుర్లు ఇచ్చి ఉప్పూ గుడ్డా తెచ్చుకున్న కాలంలో లెక్కంతా షావుకారు చేతిలోనే ఉండేది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల్లో వడ్డీకి హద్దు పెట్టింది. ఏడాదికి నూటికి 24 రూపాయలు మించకూడదు, చక్రవడ్డీ వేయకూడదు, మొత్తం వడ్డీ అసలును దాటకూడదు. చట్టం మంచిదే. కానీ పద్దు చదవలేని మనిషికి ఆ హద్దు ఎప్పుడు దాటిందో తెలిసేదెలా?

దీన్నిబట్టి ఆదివాసులకు లెక్క రాదనడం తప్పు. సవర భాషనే చూద్దాం. అందులో పన్నెండు దాకా విడి పేర్లున్నాయి. పదమూడంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిదంటే పన్నెండూ ఏడు. ఆపైన ఇరవైల లెక్క. తొంభై మూడంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. ఈ భాషకు గిడుగు రామమూర్తి రాసిన వ్యాకరణం 1931లోనే అచ్చయింది.

రూపాయి కూడా మొదటినుంచీ వందల లెక్కలో లేదు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, 64 పైసలు. ఆ రోజు నుంచి 100 నయా పైసలయ్యాయి. దేశమంతా కొత్త లెక్క నేర్చుకుంది. అలా నేర్చుకున్నవాళ్లను ఎవరూ తెలివితక్కువవాళ్లనలేదు. మన పిల్లలు నేర్చుకునేదీ అలాంటి రెండో లెక్కే.

1972లో వచ్చిన ఇరవై రూపాయల నోటు సవర పిల్లలకు మంచి మొదటి మెట్టు. అట్టముక్కలతో నోట్లు చేయించి, 93 రూపాయలు పేర్చమందాం. నాలుగు ఇరవైలు, ఒక పది, మూడు రూపాయి బిళ్లలు పెడతారు. తర్వాత ఒక్కో ఇరవైని రెండు పదులుగా మార్పిద్దాం. తొమ్మిది పదులూ మూడూ అని వాళ్లే చెబుతారు. వందిస్తే ఎంత తిరిగి రావాలో కూడా అడుగుదాం.

రంగు చూసి నోటు గుర్తుపట్టడం ఒక్కటే చాలదు. 2016 నవంబరు 8 రాత్రి పాత 500, 1000 నోట్లు రద్దయ్యాయి. ఆ తర్వాత వచ్చిన నోట్ల రంగులూ, కొలతలూ మారాయి. అందుకే అంకె చదివించాలి. నోటు వెనుక 15 భాషల్లో విలువ రాసి ఉంటుంది. వాటిలో తెలుగు ఉంది, ఆదివాసీ భాష ఒక్కటీ లేదు. కాబట్టి ఆ విలువను పిల్లల భాషలో చెప్పాల్సింది బడిలో మనమే. సంతకు ముందురోజు ఈ లెక్క చేయిస్తే, మర్నాడు అమ్మ చేతిలో పడిన డబ్బు సరిపోయిందో లేదో పక్కన నిలబడ్డ పిల్లే చెప్పగలదు.