విమానాశ్రయ సామర్థ్యం: కంప్యూటర్ అనుకరణ తేల్చే లెక్క

ఒక విమానాశ్రయంలో గంటకు ఎన్ని విమానాలు సురక్షితంగా దిగి, ఎగరగలవన్నదే దాని సామర్థ్యం. ఈ అంచనా ఎక్కువైతే విమానాలు గగనతలంలో చక్కర్లు కొట్టవలసి వస్తుంది. తక్కువైతే భారీ వ్యయంతో నిర్మించిన రన్‌వే ఖాళీగా మిగులుతుంది. అందుకే నిపుణులు సిమ్యులేషన్‌ను, అంటే కంప్యూటర్ అనుకరణను ఆశ్రయిస్తారు.

కాగితంపై లెక్క సులభమే. గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో దిగుతున్న రెండు ఎ-320 విమానాల మధ్య 3 నాటికల్ మైళ్ల ఎడం ఉంటే, రెండవది 77 సెకన్ల తరువాత వస్తుంది. ముందున్నది బోయింగ్ 777 వంటి భారీ విమానమైతే, దాని రెక్కల నుంచి పుట్టే సుడిగాలుల కారణంగా 5 నాటికల్ మైళ్ల ఎడం పాటించాలి. అప్పుడు 129 సెకన్లు పడుతుంది. అంటే విమానాలు వచ్చే వరుస మారినా సామర్థ్యం మారుతుంది.

వాస్తవంలో గాలి దిశ, రన్‌వేను ఖాళీ చేయడానికి పట్టే సమయం, టాక్సీవేలపై రద్దీ కూడా తోడవుతాయి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ రూపొందించిన సిమ్‌మాడ్, ఆస్ట్రేలియాలో రూపుదిద్దుకొన్న టామ్ వంటి ప్రోగ్రాములు ప్రతి విమానాన్నీ విడివిడిగా నడిపిస్తాయి. ఆలస్యాలను యాదృచ్ఛికంగా మారుస్తూ ఒకే రోజు రాకపోకలను పదేపదే పరీక్షిస్తారు. రద్దీ గరిష్ఠ పరిమితిని సమీపించేకొద్దీ ఆలస్యం క్రమంగా కాక, ఒక్కసారిగా పెరుగుతుంది. కనుక ఎంత ఆలస్యాన్ని సహించగలమో నిర్ణయించుకొన్నాకే సామర్థ్యాన్ని చెప్పడం సాధ్యం.

ముంబయి ఇందుకు ఉదాహరణ. అక్కడి రెండు రన్‌వేలు ఒకదానినొకటి ఖండించుకొంటాయి. రెంటినీ ఏకకాలంలో స్వతంత్రంగా వాడలేరు కాబట్టి, సామర్థ్యం రెట్టింపు కాదు. 2024 ఆరంభంలో తీవ్ర రద్దీ దృష్ట్యా, రద్దీ వేళల్లో రాకపోకలను గంటకు 46 నుంచి 44కు, ఇతర వేళల్లో 44 నుంచి 42కు తగ్గించారు. విమానం సగటున గంటకు 2,000 కిలోల ఇంధనాన్ని వాడుతుందని పౌర విమానయాన శాఖ అప్పట్లో పేర్కొంది. గంటకు రెండు విమానాలు తగ్గించడం స్వల్పంగా కనిపించినా, పరిమితి అంచున ఆ రెండే నిర్ణాయకం కాగలవు.

అనుకరణకూ హద్దులున్నాయి. ఇచ్చిన సమాచారం ఎంత నిజమో, ఫలితమూ అంతే నిజం. అందుకే మొదట నిన్నటి రాకపోకలను యథాతథంగా పునఃసృష్టించగలదో లేదో పరీక్షించి, ఆ తరువాతే రేపటి రన్‌వే గురించి దానిని అడుగుతారు.