దసలి పట్టు: విత్తనం ఎవరి చేతిలో ఉంది?

మంగళగిరి అనగానే మగ్గం గుర్తుకొస్తుంది. అక్కడి నూలు చీర, జరీ అంచు, గుంట మగ్గం మీద కూర్చున్న నేతన్న అందరికీ తెలుసు. ఊరి పేరే బట్టకు పేరైంది. గోదావరి, ప్రాణహిత ఒడ్డు అడవుల్లో మద్ది చెట్ల మీద పుట్టే పట్టుకు అంతటి పేరు రాలేదు. బడి పాఠాల్లో పట్టు అంటే మల్బరీయే. అందుకే మన పిల్లల్లో చాలామందికి దసలి పట్టు సంగతి తెలియదు. మన అడవి చరిత్రలో ఇదొక పెద్ద అధ్యాయం. ఇందులో పట్టు తీగ కథ కొంత చెప్పుకున్నారు కానీ విత్తనం కథ చెప్పుకోలేదు.

మల్బరీ పురుగు వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగి ఎగరడం మరిచిపోయింది. దసలి పురుగు అలా కాదు. అది నల్లమద్ది, ఏరుమద్ది ఆకులు తిని ఆరుబయట చెట్టు మీదే పెరుగుతుంది. నాలుగు సార్లు కుబుసం విడిచి, కొమ్మకు గట్టి తొడిమ కట్టుకుని, కోడిగుడ్డు ఆకారంలో గూడు అల్లుకుంటుంది. మనవాళ్లు దాన్ని కాయ అంటారు. చీమలు, కందిరీగలు, పిట్టలు, ఊజీ ఈగ అన్నీ దానికి శత్రువులే. పగలంతా ఒడిసెలతో కాపలా కాయాలి. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మలు కోసి మరో చెట్టుకు చేర్చాలి.

ఈ పురుగుకు శాస్త్రం పెట్టిన పేరు ఆంథరేయా మైలిట్టా. 1773లో డ్రూరీ అనే ఇంగ్లీషు కీటక శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. మన సామర్లకోటలో మొక్కల తోట పెంచి, తర్వాత కలకత్తా ఉద్యానవనానికి వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ ఈ పురుగు మీద, ఆముదం ఆకు తినే పురుగు మీద రాసిన వ్యాసం 1804లో లండన్ లినియన్ సొసైటీ సంపుటిలో అచ్చయింది. పుస్తకాల్లో చరిత్ర ఇక్కడ మొదలవుతుంది. అడవిలో మాత్రం అంతకు ఎంతో ముందు నుంచే జనం కాయలు ఏరుతున్నారు, పురుగులు పెంచుతున్నారు. వారి పేర్లు ఏ సంపుటిలోనూ లేవు.

ఛోటానాగపూర్, సంతాల్ పరగణాల్లో పెంపకం సాగినన్ని రోజులూ నియమాలు ఉండేవి. పెంచేవాళ్లు మాంసం ముట్టరు, ఇంటికి రాకుండా చెట్ల దగ్గరే గుడిసె వేసుకుంటారు, మైల ఉన్నవారిని దరి చేరనివ్వరు. బయటివాళ్లు వీటిని మూఢనమ్మకాలు అన్నారు. పురుగుకు రోగం అంటకుండా మనుషుల రాకపోకలను తగ్గించే జాగ్రత్త కూడా వాటిలో ఉందని మనం గుర్తించాలి.

ఇక విత్తనం సంగతి. పట్టు పనిలో విత్తనం అంటే గుడ్లు. చలికాలం పంట కాయల్లో కొన్నింటిని అమ్మకుండా ఉంచాలి. వాటిలోని పురుగు వానలు పడేదాకా, అంటే జూన్ వరకు, నిద్రలో ఉంటుంది. మన ప్రాంతపు ఎండలకు అది లోపలే చచ్చిపోకుండా కాయలను దండలు గుచ్చి, చల్లని మట్టి గోడల ఇంట్లో వేలాడదీయాలి. వాన వాతావరణం రాగానే సాయంత్రం వేళ రెక్కల పురుగులు బయటికొస్తాయి. వాటికి తినే నోరు ఉండదు. రాత్రంతా జతకట్టి, మర్నాడు విడదీశాక ఆడది సుమారు 200 గుడ్లు పెట్టి చనిపోతుంది. పురుగు చిల్లుచేసి వచ్చిన కాయ నుంచి తెగని తీగ రాదు. దాన్ని వడికి ముతక దారం చేయాల్సిందే. అంటే విత్తనానికి ఉంచిన ప్రతి కాయ మీదా కొంత డబ్బు వదులుకున్నట్టే. పైగా ఆరు నెలలు ఎదురుచూడాలి. షావుకారు ఇంటి ముందు నగదుతో నిలబడితే, పొయ్యి వెలగని ఇల్లు ఎన్ని కాయలు దాచుకోగలదు? విత్తనం మన చేయి జారడానికి పేదరికం మొదటి కారణం.

రెండో కారణం రోగం. పెబ్రిన్ అనే జబ్బు తల్లి నుంచి గుడ్డులోకి దిగుతుంది. మిరియాల పొడి చల్లినట్టు మల్బరీ పురుగు ఒంటిమీద మచ్చలు రావడంతో ఫ్రాన్సులో ఆ పేరు వచ్చింది. 1865 నుంచి లూయీ పాశ్చర్ ఈ జబ్బు మీద పనిచేసి ఒక మార్గం చూపాడు. గుడ్లు పెట్టిన తల్లిని నలిపి సూక్ష్మదర్శినిలో చూడాలి. రోగబీజం కనబడితే దాని గుడ్లన్నీ తగలబెట్టాలి. నేటికీ దసలి గుడ్లను ఇలాగే పరీక్షిస్తారు. ఈ పని జరిగే చోటును గ్రైనేజీ అంటారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టంతో కేంద్ర పట్టు మండలి ఏర్పడింది. 1964లో రాంచీలో దసలి పరిశోధన సంస్థ వచ్చింది. మూల విత్తనం కోసం బిలాస్‌పూర్ కేంద్రంగా ఒక సంస్థ ఉంది. మన మంచిర్యాల జిల్లా చెన్నూరులోనూ మండలి వారి విత్తన కేంద్రం పనిచేసింది. చెన్నూరు, కోటపల్లి అడవుల్లో పెంపకం, మహదేవ్‌పూర్‌లో దసలి చీరల నేత ఈ విత్తనం ఆసరాగానే నిలిచాయి. ఈ సంస్థలు చేసిన మేలు కాదనలేం. అయితే అదే కాలంలో విత్తనం గూడెంలో దాచుకునేది కాకుండా, ఆఫీసు నుంచి తెచ్చుకునేది అయింది. సకాలంలో గుడ్లు రాకపోతే ఆ పంట లేనట్టే.

ఈ మార్పులో మన సొంత రకం కూడా తగ్గిపోయింది. తెలుగు అడవుల్లో పుట్టిన దసలి రకాన్ని శాస్త్రవేత్తలు ‘ఆంధ్ర లోకల్’ అంటారు. ఝార్ఖండ్ నుంచి వచ్చిన డాబా రకం విస్తరించింది. అడవి తరిగింది. ఆంధ్ర లోకల్‌ను కాపాడుకోవాలని వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు పలుమార్లు రాశారు. మన పొరుగున బస్తర్‌లో సాల చెట్ల మీద పెరిగే రైలీ రకానిది మరో దారి. అది మనిషి పెంపకానికి లొంగలేదు. అందుకే కాయలను అడవిలోనే ఉంచి, అక్కడే జతకట్టి గుడ్లు పెట్టేలా శిబిరాలు నడిపారు. అడవిలో ఏరుకోవడమే కాదు, అడవికి తిరిగి ఇవ్వడం కూడా విత్తన పనే.

చట్టం ఏమంటుందో యువత తెలుసుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను నిర్వచిస్తూ వెదురు, తేనె, లక్కతో పాటు దసలినీ, పట్టుకాయలనూ పేరు పెట్టి చెప్పింది. వాటి మీద యాజమాన్యం, సేకరించే హక్కు, అమ్ముకునే హక్కు మనవని అదే చట్టం చెప్పింది. మద్ది చెట్లున్న అడవికి సామూహిక హక్కు కోరేటప్పుడు గ్రామసభ తీర్మానంలో దసలి పేరు రాయించాలి. రాయించకపోతే కాయ మీద ఉన్న హక్కు కాగితంలోనే ఉండిపోతుంది.

విత్తనం కూడా మన చేతికి రావాలి. అది అసాధ్యం కాదు. ఝార్ఖండ్, బీహార్‌లలో ‘ప్రదాన్’ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో పల్లె యువకులే సొంతంగా గ్రైనేజీలు నడిపారు. సూక్ష్మదర్శినిలో రోగబీజం గుర్తుపట్టడం పదో తరగతి చదివిన పిల్లకు నేర్పగల పని. జీవశాస్త్రం చెప్పే మేము దసలి కాయనే పాఠంగా తీసుకోవచ్చు. ఏ గూడెంలో పురుగు పెంచారు, కాయలు ఎక్కడ దాచారు, ఏ ఏడు నుంచి మానేశారు అని పెద్దవాళ్లను అడిగి రాసుకొమ్మని పిల్లలకు చెప్పవచ్చు. ఆ పెద్దవాళ్లు ఉన్నప్పుడే ఈ పని చేయాలి. చలికాలం కాయలు సంతకు పోకముందే ప్రతి ఇంటి నుంచి కొన్ని తీసి, ఊరి పేరున ఒకచోట దండగుచ్చి దాచే ఏర్పాటు పొదుపు సంఘాలు చేయగలవు. షావుకారి నగదుకు ఎదురు నిలవాలంటే ఒక్క ఇంటి వల్ల కాదు, ఊరంతా కలవాలి.