అక్షరాలిస్తే మాటలు: ఒక ఆట వెనుక చరిత్ర

నిఘంటువుకు ఒక పరిమితి ఉంది. మాట మొదలు తెలిసినవాడికే అది దారి చూపిస్తుంది. చివరి అక్షరం ఒక్కటే తెలిసినా, నడుమ ఎక్కడో ‘జెడ్’ ఉందని మాత్రమే తెలిసినా, పుటలన్నీ తిరగేయాల్సిందే. మన బడిలో ఇంగ్లీషు మాస్టారు నల్లబల్ల మీద ‘ఎగ్జామినేషన్’ అని రాసి, అందులోని అక్షరాలతో ఎన్ని చిన్న మాటలు కట్టగలరో చూడమన్నప్పుడు మన తరం పడ్డ తంటా ఇదే. ‘మ్యాట్’, ‘టిన్’, ‘యాంట్’ దగ్గర చాలామందిమి ఆగిపోయేవాళ్ళం. ‘నేషన్’ కూడా అందులోనే ఉందని కనిపెట్టినవాడు ఆ రోజుకి హీరో. ఆ చిన్న ఆట వెనుక రెండున్నర శతాబ్దాల కథ ఉంది.

మాటను తోక పట్టుకుని వెతకడానికి ఇంగ్లీషువాళ్ళకు 1775లోనే ఒక పుస్తకం వచ్చింది. జాన్ వాకర్ అనే ఆయన మాటలను చివరి అక్షరాల వరసలో పేర్చి నిఘంటువు తయారుచేశాడు. అంత్యప్రాసలు వెతుక్కునే కవులకు అది చాలాకాలం అక్కరకొచ్చింది.

తరవాతి మెట్టు అక్షరాల లెక్క. ఇంగ్లీషులో అన్ని అక్షరాలకూ ఒకే గిరాకీ లేదు. అచ్చుపని చేసేవాళ్ళకు ఇది బాగా తెలుసు. వాళ్ళ అరల్లో ‘ఇ’ దిమ్మలు గుట్టగా ఉంటే, ‘జెడ్’ దిమ్మలు గుప్పెడు ఉండేవి. టెలిగ్రాఫు సంకేతాల్లో ‘ఇ’కి ఒక్క చుక్క, ‘టి’కి ఒక్క గీత దక్కడానికి ఈ లెక్కే కారణం. ఎక్కువ వాడే అక్షరానికి తక్కువ శ్రమ అన్నమాట.

1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ గళ్ళ పజిల్ వేశాడు. అదే తొలి క్రాస్‌వర్డ్ అంటారు. దానితో అక్షరాల వేట ఇంటింటి వ్యసనమైంది. అయిదు గళ్ళు, రెండో గడిలో ‘ఆర్’, చివర ‘వై’, ఏమై ఉంటుంది?

ఆ తరవాత ఆర్థికమాంద్యం వచ్చింది. ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్టుకు ఉద్యోగం పోయింది. చేతిలో పని లేని ఆ రోజుల్లో ఆయన పత్రికల పుటలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో ఓపిగ్గా లెక్కపెట్టాడు. 1931లో ఆట మొదటి రూపం తయారైంది. 1938 నాటికి దానికి గళ్ళ బల్ల కూడా జతయింది. మొత్తం బిళ్ళలు 100. అందులో ‘ఇ’లు 12, ‘క్యూ’ ఒక్కటే, ‘జెడ్’ ఒక్కటే. అరుదైన ఆ రెండింటికీ 10 పాయింట్లు. ‘ఎస్’ ఇంగ్లీషులో విరివిగా వచ్చేదే అయినా నాలుగే పెట్టాడు. లేకపోతే ప్రతివాడూ పక్కవాడి మాటకు ‘ఎస్’ తగిలించి బహువచనం చేసి గెలిచేస్తాడు! కంపెనీలు ఆ ఆటను తిప్పికొట్టాయి. 1948లో జేమ్స్ బ్రూనో దానికి ‘స్క్రాబుల్’ అని పేరుపెట్టి చేపట్టాడు. మొదట్లో ఆయనకూ నష్టమే మిగిలింది. 1952 తరవాతే అమ్మకాలు ఊపందుకున్నాయి.

ఆట పెరిగేసరికి తగవులూ పెరిగాయి: ఏది మాట, ఏది కాదు? అమెరికాలో 1978లో ఆటగాళ్ళ కోసమే నిఘంటువు వచ్చింది. పోటీ ఆటగాళ్ళు రెండక్షరాల మాటలు, ‘యు’ తోడు లేని ‘క్యూ’ మాటలు కంఠస్థం చేయసాగారు. వాళ్ళకు మరో కిటుకుంది. చేతిలోని అక్షరాలను ఏబీసీడీ వరసలో పేర్చుకోవడం. ‘లిజన్’, ‘సైలెంట్’, ‘ఎన్‌లిస్ట్’ అనే మూడు మాటలనూ అలా పేరిస్తే ఒకే వరస వస్తుంది: ఇ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి. ఆ వరసను గుర్తుపడితే మూడూ దొరికినట్టే. కంప్యూటరు చేత అక్షరాల నుంచి మాటలు వెతికించేటప్పుడు వాడే తేలికైన పద్ధతుల్లో ఇదొకటి.

2021లో జోష్ వార్డిల్ తన సహచరి కోసం చేసిన ‘వర్డిల్’ అయిదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో పట్టుకోమంది. 2022 జనవరిలో ‘న్యూయార్క్ టైమ్స్’ దాన్ని కొనేసింది. వేళ్ళతో గళ్ళు లెక్కపెట్టుకున్న మనం ఇప్పుడు మనవలతో పోటీపడి ఫోనులో అదే ఆడుతున్నాం.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మనిషి న్యూజీలాండ్‌కు చెందిన నైజల్ రిచర్డ్స్. ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే, వాళ్ళ మాటల పట్టికను కొన్ని వారాల్లో బట్టీపట్టి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. అద్భుతమే. కానీ గెలిచిన మాటల్లో ఆయనకు అర్థం తెలిసినవెన్ని? తెలుగు మీడియంలో ఇంగ్లీషంటే జంకుతూ చదివిన మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. వ్యాసాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుని, ఇంటర్వ్యూలో నోరు పెగలనివాళ్ళం మనలో ఎందరం లేం!

మన సాహిత్యంలోనూ అక్షరాల ఆట ఉంది. అవధానంలో నిషిద్ధాక్షరి అదే కదా. తరవాత ఏ అక్షరం రాబోతోందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు, అవధాని మరో అక్షరంతో ముందుకు సాగుతాడు. అయితే అక్కడ ఛందస్సు తప్పకూడదు, అర్థం చెడకూడదు. అర్థం లేని మాటకు మార్కుల్లేవు. ఇంగ్లీషులో ఆ పట్టుదల చూపినవాడు ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్. 1939లో వచ్చిన ఆయన నవల ‘గాడ్స్‌బీ’లో 50,000కు పైగా మాటలున్నాయి, ఒక్క ‘ఇ’ కూడా లేకుండా కథ నడుస్తుంది.

ఇప్పుడు అక్షరాలు కొడితే మాటల పట్టిక క్షణంలో ప్రత్యక్షమవుతుంది. తప్పని నేననను. కానీ నిఘంటువు తిరగేసేవాడికి వెతికిన మాట దొరక్కపోయినా, దారిలో పది మాటలు పరిచయమయ్యేవి. ‘బి’ పుటల్లో తిరుగుతుంటే ‘బ్యాండికూట్’ ఎదురవుతుంది. ఎవరో అనుకుంటాం, తీరా చూస్తే మన పందికొక్కే! తెలుగు నుంచి ఇంగ్లీషులోకి పోయి, ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకు కూడా పేరైంది. పట్టిక ఇచ్చే యంత్రం ఈ చుట్టరికం చెప్పదు.

స్వర్ణోత్సవం సందర్భంగా నాదొక మనవి. మన బడి గ్రంథాలయంలో ఒక స్క్రాబుల్ బల్ల, పక్కనే ఒక మంచి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పెడదాం. మన బడికి మాత్రం ఒక నియమం అదనంగా చేర్చుకుందాం: మాట పేర్చినవాళ్ళు దాని అర్థం తెలుగులో చెబితేనే పాయింట్లు. అర్థం తెలిసిన మాట ఆట ముగిశాక కూడా పిల్లల దగ్గరే ఉంటుంది.