పేరు లేని ప్రయాణికులు: నౌకాప్రమాదాల చరిత్రలో ప్రయాణికుల జాబితా

వ్యాససంగ్రహం

ఓడ మునిగిన తరువాత మొట్టమొదట వినిపించే ప్రశ్న, అందులో ఎందరున్నారని. దానికి సమాధానం ప్రమాదం జరిగిన సముద్రంలో దొరకదు. ఓడ బయలుదేరిన రేవులో, ప్రయాణానికి ముందు తయారుచేసిన జాబితాలో దొరకాలి. 1888 నాటి వైతరణ, 1912 నాటి టైటానిక్, 1947 నాటి రాందాస్, 1987 నాటి డోనా పాజ్, 2002 నాటి లె జోలా ప్రమాదాల ఆధారంగా, ప్రయాణికుల జాబితాకూ చారిత్రక స్మృతికీ, చట్టానికీ గల సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నౌకాప్రమాదాలు, ప్రయాణికుల జాబితా, టైటానిక్, డోనా పాజ్, సోలాస్, మౌఖిక స్మృతి.

1. ఉపోద్ఘాతం

నౌకాప్రమాదాల చరిత్రను సాధారణంగా కారణాల చరిత్రగా రాస్తారు. మంచుకొండ, తుఫాను, ఢీకొనడం, అధిక భారం అనే వర్గీకరణ ఇందుకు ఉదాహరణ. ఈ పద్ధతి ఓడ ఎందుకు మునిగిందో చెబుతుంది కాని, మునిగినవారిలో ఎవరు చరిత్రకెక్కారో, ఎవరు ఎక్కలేదో చెప్పదు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు కావాలంటే ప్రయాణికుల జాబితాను చరిత్రకు ప్రాథమిక ఆధారంగా చదవవలసి ఉంటుంది.

2. టైటానిక్: పేర్లున్న విషాదం

1912 ఏప్రిల్ 10న సౌతాంప్టన్ నుంచి బయలుదేరిన టైటానిక్, ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఉత్తర అట్లాంటిక్‌లో మునిగిపోయింది. అందులో ఉన్నవారు 2,200 మందికి పైగా. 20 లైఫ్‌బోట్లలో కలిపి 1,178 మందికి మాత్రమే చోటుంది. అయినా ఓడ యాజమాన్యం నిబంధనను ఉల్లంఘించలేదు. 1894 నాటి బ్రిటిష్ నిబంధనలు పడవల సంఖ్యను ప్రయాణికులను బట్టి కాక ఓడ టన్నేజీని బట్టి నిర్ణయించాయి. వాటిలోని పెద్ద తరగతి 10,000 టన్నులు, ఆపై ఓడలది. 46,328 టన్నుల టైటానిక్‌కు కూడా అదే కొలత వర్తించింది. అంటే నిబంధన ఓడను కొలిచింది, మనుషులను లెక్కించలేదు.

ఈ ప్రమాదంపై అమెరికా సెనేట్, బ్రిటన్ ప్రభుత్వం వేర్వేరుగా విచారణ జరిపాయి. మృతుల సంఖ్యను బ్రిటిష్ విచారణ 1,490గా, అమెరికా విచారణ 1,517గా పేర్కొన్నాయి. ఈ రెంటి మధ్య తేడా 27 మాత్రమే. తరగతులవారీగా జాబితాలు ఉన్నందువల్లనే మరొక సత్యం కూడా బయటపడింది. మొదటి తరగతి స్త్రీలలో దాదాపు అందరూ బతికారు. మూడవ తరగతి స్త్రీలలో బతికినవారు సగానికన్నా తక్కువ. ఆ తరగతి పిల్లలలో సుమారు మూడింట ఒక వంతు మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. జాబితా మృతులను లెక్కించడంతో ఆగక, మరణంలోని అసమానతను కూడా చూపింది.

ఈ విచారణల అనంతరం 1914 జనవరి 20న లండన్‌లో, సముద్రంపై ప్రాణరక్షణకు సంబంధించిన తొలి అంతర్జాతీయ ఒప్పందంపై సంతకాలు జరిగాయి. సోలాస్ అనే సంక్షిప్తనామంతో ప్రసిద్ధమైన ఈ ఒప్పందం మొదటి ప్రపంచయుద్ధం వల్ల వెంటనే అమలుకు రాకపోయినా, 1929, 1948, 1960, 1974 సంవత్సరాల్లో కొత్త రూపాలు దాల్చి నేటి నౌకాభద్రతకు పునాదిగా నిలిచింది.

3. వైతరణ, రాందాస్: జనస్మృతిలో నిలిచినవి

టైటానిక్‌కు 24 ఏళ్ల ముందు, 1888 నవంబర్‌లో, వైతరణ అనే స్టీమరు కచ్ తీరంలోని మాండవి నుంచి బొంబాయికి వెళుతూ సౌరాష్ట్ర తీరం వద్ద తుఫానులో అదృశ్యమైంది. విద్యుద్దీపాలతో వెలిగేది కనుక ప్రజలు దానిని వీజళీ, అంటే మెరుపు, అని పిలుచుకున్నారు. ప్రయాణికులలో పెళ్లిబృందాలు, బొంబాయిలో పరీక్షలు రాయడానికి వెళుతున్న విద్యార్థులు ఉన్నారు. అధికారిక లెక్క 740 మందికి పైగా చెబుతుంటే, జనశ్రుతి అంతకన్నా చాలా ఎక్కువ చెబుతుంది. ఓడ శకలాలు దొరకలేదు. దాని కథ ప్రధానంగా గుజరాతీ జానపద గేయాలలో నిలిచింది.

1947 జూలై 17న, స్వాతంత్ర్యానికి సుమారు నెలరోజుల ముందు, బొంబాయి నుంచి రేవస్‌కు వెళుతున్న రాందాస్ అనే చిన్న స్టీమరు బోల్తాపడి 600 మందికి పైగా మరణించారు. దేశవిభజన, అధికార బదిలీ వార్తల నడుమ ఈ దుర్ఘటన కొంకణ తీరం దాటి ఎక్కువగా వినిపించలేదు.

ఇటువంటి సందర్భాల్లో మౌఖిక సాహిత్యం చరిత్రకు విలువైన ఆధారమే. కాని దాని పరిమితిని కూడా గుర్తించాలి. గేయం దుఃఖాన్ని తరతరాలకు అందించగలదు. నష్టపరిహారాన్ని ఇప్పించలేదు, బాధ్యుణ్ణి నిలదీయలేదు.

4. డోనా పాజ్: చావు తరువాత తయారైన జాబితా

1987 డిసెంబర్ 20 రాత్రి, క్రిస్మస్‌కు ఐదు రోజుల ముందు, ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్ నుంచి మనీలాకు వెళుతున్న డోనా పాజ్ నౌక, టబ్లాస్ జలసంధిలో వెక్టర్ అనే చమురు ట్యాంకరును ఢీకొంది. ట్యాంకరులోని పెట్రోలియం అంటుకుని రెండు ఓడలూ మునిగాయి. రెంటిలో కలిపి బతికినవారు 26 మంది. వారిలో డోనా పాజ్ ప్రయాణికులు 24 మంది.

అధికారిక జాబితా ప్రకారం ప్రయాణికులు 1,493 మంది. అయితే బతికిన ఆ 24 మందిలో ఐదుగురి పేర్లు మాత్రమే జాబితాలో కనిపించాయి. ఓడలోనే టికెట్టు కొన్నవారు, చిన్నపిల్లలు ఆ లెక్కలోకి రాలేదు. 1999లో అధ్యక్షుడు నియమించిన కార్యదళం న్యాయస్థాన రికార్డులను, బంధువులు పెట్టుకున్న 4,100కు పైగా పరిహార దరఖాస్తులను ఆధారం చేసుకుని ప్రయాణికుల సంఖ్యను 4,341గా అంచనా వేసింది. టైటానిక్ విచారణల మధ్య తేడా 27 కాగా, ఇక్కడ తేడా 2,848. రేవులో రాయవలసిన జాబితాను పన్నెండేళ్ల తరువాత బంధువుల దరఖాస్తుల నుంచి రాసుకోవలసి వచ్చింది. దరఖాస్తు పెట్టడానికి ఎవరూ మిగలని కుటుంబాలకు ఆ జాబితాలోనూ చోటు దక్కడం కష్టం. శాంతికాలపు నౌకాప్రమాదాల్లో అత్యధిక ప్రాణనష్టం జరిగింది ఇందులోనే.

5. లె జోలా: అదే తప్పు మరోసారి

2002 సెప్టెంబర్ 26న సెనెగల్ ప్రభుత్వ నౌక లె జోలా, జిగిన్‌షోర్ నుంచి డకార్‌కు వెళుతూ గాంబియా తీరం వద్ద కొద్ది నిమిషాల్లోనే బోల్తాపడింది. సిబ్బందితో కలిపి సుమారు 580 మందికి ఉద్దేశించిన ఆ ఓడలో మృతులు 1,860 మందికి పైగా, బతికినవారు 64 మంది. చిన్నపిల్లలకు టికెట్టు అవసరం లేనందున, అమ్ముడైన టికెట్లను బట్టి కూడా మొత్తం సంఖ్య తేలలేదు. టికెట్టు ఆదాయానికి లెక్క మాత్రమే. మనుషులకు లెక్క కాదని ఈ ఘటన రుజువు చేసింది.

6. చట్టం హద్దు

నేటి సోలాస్ నియమాల ప్రకారం ప్రయాణికుల నౌక బయలుదేరకముందే అందులోని వారందరినీ లెక్కించాలి. పెద్దలు, పిల్లలు, శిశువులు అనే విభజనతో పేర్లు నమోదుచేసి ఒడ్డున భద్రపరచాలి. కాని ఈ ఒప్పందం ప్రధానంగా అంతర్జాతీయ యాత్రలకు వర్తిస్తుంది. రాందాస్, డోనా పాజ్ ఒకే దేశంలోని రేవుల మధ్య తిరిగిన ఓడలు. లె జోలా కూడా సెనెగల్‌లోని రెండు రేవులను కలిపిన నౌకే. టైటానిక్ నేర్పిన పాఠం మహాసముద్రాలకు వర్తించింది. సంతకు, పరీక్షకు, పండుగకు వెళ్లే సామాన్యుడి ఓడను చేరడం దేశీయ చట్టాల చిత్తశుద్ధికి వదిలివేయబడింది.

ఈ సమస్య నదీప్రయాణాలకూ వర్తిస్తుంది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల విహారానికి వెళ్లిన రాయల్ వశిష్ఠ బోటు గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగినప్పుడు, అందులో ఎందరున్నారన్న విషయంపై తొలిరోజుల్లో భిన్నమైన సంఖ్యలు వినిపించాయి. ఒడ్డున ఎదురుచూసే బంధువుకు ఆ తేడా గణాంకం కాదు. తనవారి కోసం ఇంకా వెతుకుతారా, వెతకడం ఆపేస్తారా అన్నది ఆ సంఖ్య మీదే ఆధారపడి ఉంటుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి. జాబితా పకడ్బందీగా ఉన్నచోట ప్రమాదం విచారణగా, విచారణ చట్టంగా పరిణమించింది. అది లేనిచోట మృతుల తరఫువారు ముందుగా తమవారు ఆ ఓడలో ఉన్నారని నిరూపించుకోవలసి వచ్చింది. కనుక జాబితాను ప్రాణరక్షణ సాధనంగానే పరిగణించాలి. లైఫ్‌జాకెట్టు లేకుండా పడవ కదలకూడదన్న నియమం ఎంత అవసరమో, ఒడ్డున ప్రతి ఒక్కరి పేరూ రాసి ఉంచకుండా పడవ కదలకూడదన్న నియమం కూడా అంతే అవసరం.