ముందు ఈథర్‌లోకి, మళ్లీ నీళ్లలోకి

పెన్సిలిన్ అనగానే ఫ్లెమింగ్ అంటారు. రసంలోంచి మందును వేరు చేసే మా డౌన్‌స్ట్రీమ్ సెక్షన్‌లో చేరే పిల్లలకు నేను మాత్రం ముందు నార్మన్ హీట్లీ పేరు చెబుతాను. 1928లో ఫ్లెమింగ్ చూసింది బూజు చుట్టూ చచ్చిన బ్యాక్టీరియాని. ఆ బూజు పెరిగిన రసంలోంచి మందును చెడకుండా బయటికి తీయడం ఆయన వల్లా కాలేదు, తర్వాత పట్టుకున్నవాళ్ల వల్లా కాలేదు.

1940లో ఆక్స్‌ఫర్డ్‌లో పెన్సిలిన్ మీద పనిచేస్తున్న ఫ్లోరీ, చెయిన్‌లకు వచ్చిన చిక్కూ అదే. రసాన్ని పుల్లగా చేసి ఈథర్‌తో కలిపితే పెన్సిలిన్ ఈథర్‌లోకి వస్తుంది. సరే, అందులోంచి తీసేదెలా? వాళ్ల జట్టులోని హీట్లీ చెప్పిన ఉపాయం వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఆ ఈథర్‌ను కాస్త క్షారం కలిపిన నీళ్లతో కడిగితే పెన్సిలిన్ మళ్లీ నీళ్లలోకి దిగుతుంది, చెత్త చాలామటుకు ఈథర్‌లోనే ఉండిపోతుంది. కాకపోతే ఆమ్లంలో పెన్సిలిన్ ఎంతోసేపు నిలవదు. అంతా చల్లగా, చకచకా జరగాలి. ఇవాళ పెన్సిలిన్ ప్లాంట్లలో ద్రావకం మారింది గానీ కిటుకు అదే.

అసలే యుద్ధకాలం, సామాను ఎక్కడిది? ఈ కడిగే పనికి హీట్లీ, ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీ వద్దని పారేసిన పుస్తకాల బీరువాకి గాజు గొట్టాలు బిగించి, సీసా ఖాళీ అయితే మోగేలా గంట తగిలించాడు. ఆ గంటంటే నాకు భలే ఇష్టం. లక్షలు పోసి పెట్టిన మా అలారాలు చేసేదీ అదేగా! బూజు పెంచడానికి ఆసుపత్రి బెడ్‌పాన్లు చాలక, అదే తరహాలో పింగాణీ పాత్రలు చేయిస్తే, 1940 డిసెంబరు 23న అరువు వ్యానులో తనే వెళ్లి తెచ్చుకున్నాడు.

1941 ఫిబ్రవరి 12న ఇన్ఫెక్షన్ ముదిరిన ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబుల్‌కి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. జ్వరం దిగింది, ఆకలి పుట్టింది. మందే నిండుకుంది. ఒంట్లోకి వెళ్లిన పెన్సిలిన్‌లో చాలా భాగం మూత్రంలో పోతుంది కాబట్టి, ఆ మూత్రాన్ని ల్యాబుకు తెచ్చి, మందు తీసి, తిరిగి అతనికే ఎక్కించారు. ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు, తీసిన ప్రతిసారీ ఎంతో కొంత పోవాల్సిందే. అదీ అయిపోయింది. మార్చి 15న అతను చనిపోయాడు.

1945లో నోబెల్ ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్‌లకు ఇచ్చారు. హీట్లీకి ఆక్స్‌ఫర్డ్ గౌరవ వైద్య డాక్టరేటు ఇచ్చింది, 1990లో. డాక్టరు కానివాడికి ఆ పట్టా ఇవ్వడం ఆ విశ్వవిద్యాలయం ఎనిమిది వందల ఏళ్ల చరిత్రలో అదే మొదలట. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు.