ఇంజనుకు, గేరుబాక్సుకు నడుమ ఒక తీగ

బస్సు డ్రైవరు గేరు మార్చుటను మనమందరమును చూచియే యున్నాము. ఎడమ కాలు క్లచ్చిని తొక్కును, ఎడమ చేయి గేరు కఱ్ఱను కదల్చును, కుడి కాలు ఒక్క క్షణము యాక్సిలరేటరును వదలి మరల నొక్కును. ఎప్పుడు మార్చవలెనో అతనికి చెప్పునవి ఇంజను చప్పుడు, ఎదుటి మిట్ట, వెనుకనున్న బరువు. ఆ తెలివి అంతయు అతని చెవిలోను కాలిలోను ఉన్నది. అమెరికాలోని ఇంజనీర్లు ఈ పనిని యంత్రమునకే అప్పగింపవలెనని పూనుకొన్నప్పుడు వారికి ఒక పెద్ద చిక్కు ఎదురైనది. డ్రైవరు కోరుచున్నదేమో గేరుబాక్సునకు తెలియుట యెట్లు?

1939లో జనరల్ మోటార్సు సంస్థ తన 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్లకు ‘హైడ్రామాటిక్’ అను స్వయంచాలక గేరుబాక్సును ప్రవేశపెట్టినది. దానికి క్లచ్చి పెడలు లేదు. నాలుగు గేర్లును చమురు ఒత్తిడిచేత తమంత తామే మారును. దీనిలోని యుక్తి త్రాసు వంటిది. ఒక వైపున బండి వేగమును బట్టి పెరుగు ఒత్తిడి, రెండవ వైపున డ్రైవరు కాలి నొక్కుడును బట్టి పెరుగు ఒత్తిడి, నడుమ ఒక చిన్న కవాటము. వేగము నెగ్గినచో పై గేరు పడును. కాలు నెగ్గినచో క్రింది గేరే నిలుచును. బండి వేగము గేరుబాక్సునకు స్వయముగా తెలియును, చక్రములను త్రిప్పు ఇరుసు దానినుండియే బయలుదేరును గదా. కాలి సంగతి మాత్రము ఎవరైనను వచ్చి చెప్పవలెను. అందుకై కార్బ్యురేటరును కదలించు మీటల వరుసనుండి గేరుబాక్సు వఱకు ఒక ఇనుప కమ్మీని వేసినారు. మా స్టూడియోలో మైకు ముందు కూర్చున్నవారికి అద్దము ఆవలి ఇంజనీరు మాట వినబడదు. ఎఱ్ఱదీపము వెలిగిన పిదపనే నోరు విప్పవలెను. ఆ కమ్మీ చేసిన పని ఈ దీపము పని వంటిదే.

యుద్ధకాలమున ఎం-5 తేలిక ట్యాంకులో రెండు కాడిలాక్ ఇంజన్లతోపాటు రెండు హైడ్రామాటిక్ గేరుబాక్సులను అమర్చినారు. ట్యాంకును మోసిన యంత్రము సరకుల బండిని మోయలేదా? 1954 నమూనా షెవ్రొలే ట్రక్కులకును ఈ సదుపాయము లభించినది.

ఇక కార్బ్యురేటరు. ఇది వయస్సులో పెద్దది. పెట్రోలును సన్నని తుంపరగా గాలిలో కలుపు పద్ధతిని 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్, అదే సంవత్సరమున హంగరీలో డోనాట్ బాంకి, యానోష్ చోంకా అను ఇరువురు వెలువరించినారు. పూలమ్ము పిల్ల నోటితో ఊది పూలపై నీరు చిలుకరించుటను చూచి బాంకికి ఆ ఊహ తోచినదని హంగరీవారు చెప్పుకొందురు. కథ నిజమైనను కాకున్నను పోలిక మాత్రము చక్కనిది. ఇంజను గాలిని పీల్చును. ఆ గాలి ఒక ఇఱుకైన గొంతులో దూరునపుడు వేగము హెచ్చి అచట ఒత్తిడి తగ్గును. ప్రక్కనున్న చిన్న తొట్టినుండి పెట్రోలు సన్నని రంధ్రము ద్వారా పైకి లేచి గాలిలో కలియును. పూర్తిగా మండుటకు పెట్రోలు ఒక పాలునకు తూకమున గాలి సుమారు 14.7 పాళ్లు కావలెను. గొంతు క్రింద నుండు రేకు తలుపు తెఱచుకొన్నకొలది ఇంజను బలము పెరుగును. డ్రైవరు కాలు కదలించునది ఆ తలుపునే.

కార్బ్యురేటరును విడిగా కొని మార్చుకొను అలవాటు అమెరికాలో బలముగా వేరూనినది. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డునకు చెందిన జార్జి, ఎర్ల్ హాలీ సోదరులు 20వ శతాబ్దారంభముననే ఈ వ్యాపారమునకు దిగినారు. ఫోర్డు మోడల్ టీ కార్లకు కార్బ్యురేటర్లను ఇచ్చినవారిలో వారును ఉన్నారు. లాస్ ఏంజిలిస్‌లో గరాజు నడిపిన విక్ ఎడెల్‌బ్రాక్, 1938లో ఫోర్డు వి-8 ఇంజనునకు రెండు కార్బ్యురేటర్లు పట్టు గాలిగొట్టమును తయారుచేసి పేరుపొందినాడు. అతని పేరిట నేడు అమ్ముడగుచున్న కార్బ్యురేటరునకు కార్టర్ సంస్థ 1957లో తెచ్చిన అల్యూమినియపు నమూనా మూలము. హాలీవారి ప్రసిద్ధమైన నాలుగు గొంతుల కార్బ్యురేటరును 1957 నాటిదే. కంపెనీ అమర్చి ఇచ్చినది అరిగిపోయినపుడో, మఱింత బలము కావలెనని తోచినపుడో, యజమాని అంగడికి పోయి వీనిలో ఒకటి తెచ్చుకొనును. నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగించుట; ఒక పూట పని.

చాలకాలము ఆ పని నిరపాయముగనే సాగినది. అందుకు కారణము జనరల్ మోటార్సువారి తరువాతి గేరుబాక్సులే. 1964లో వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400నందు కాలి సంగతిని చెప్పు బాధ్యతను ప్రధానముగా ఇంజను పీల్పునకు అప్పగించినారు. గాలిగొట్టమునుండి ఒక సన్నని గొట్టము గేరుబాక్సునకు పోవును. కార్బ్యురేటరు ఎవరు చేసినదైనను పీల్పు పీల్పే. 1969 నాటి 350నందు దీనికి తోడు ఒక తీగను వేసినారు గాని, దాని పని ఒక్కటే: కాలు పూర్తిగా తొక్కినపుడు క్రింది గేరును పడవేయుట. మెకానిక్కులు దానికి ‘కిక్‌డౌన్ తీగ’ అని పేరు పెట్టినారు. క్రొత్త కార్బ్యురేటరునకు ఆ తీగ తగులకున్నను గేరు త్వరగా దిగదు, అంతే; బండి నడచుచునే యుండును.

ఈ పేరే తరువాత కొంప ముంచినదని మా అభిప్రాయము.

1973 నాటి చమురు కొఱతయు, 1975లో అమెరికా చేసిన ఇంధన పొదుపు చట్టమును గేరుబాక్సులను మార్చివేసినవి. పెట్రోలు ఖర్చు తగ్గవలెనన్న ఇంజను మెల్లగా తిరుగుచుండగా బండి వేగముగా పోవలెను. అందుకై నాలుగవ గేరుతో 1982 నమూనాలకు ‘700-ఆర్4’ అను గేరుబాక్సు వచ్చినది. షెవ్రొలే పికప్పు ట్రక్కులలోను దానిని అమర్చినారు. దానికి పీల్పు గొట్టము లేదు. కార్బ్యురేటరు మీటకు తగిలించిన ఒకే తీగ పైగేరు ఎప్పుడు పడవలెనో, క్రిందిగేరు ఎప్పుడు దిగవలెనో చెప్పును. అన్నింటికంటె ముఖ్యముగా, లోపలి క్లచ్చి పలకలను ఎంత గట్టిగా అదిమిపట్టవలెనో గూడ చెప్పును. చూచుటకు మాత్రము అది పాత కిక్‌డౌన్ తీగ వలెనే యుండును. పాత పేరుతోనే దానిని పిలిచినారు, పాత అలవాటుతోనే దానిని వదలివేసినారు.

ఆ ట్రక్కులకు కంపెనీ ఇచ్చిన నాలుగు గొంతుల కార్బ్యురేటరు రాచెస్టర్ సంస్థవారి ‘క్వాడ్రాజెట్’. దానియందు తీగ తగులు మేకు, తలుపు ఇరుసునకు ఎంత దూరమున, ఏ కోణమున ఉండవలెనో గేరుబాక్సును దృష్టిలో నుంచుకొనియే నిర్ణయించినారు. అంగడి కార్బ్యురేటరు మీటకు అనేక రంధ్రములుండును. వానిలో ఏదియు ఆ చోట నుండక పోవచ్చును. మేకు ఇరుసునకు మఱీ దగ్గఱగా నున్నచో తీగ చాలినంత కదలదు. తలుపు సగము తెఱచుకొన్నను గేరుబాక్సునకు మాత్రము కాలు తేలికగా ఆనినట్లే తోచును. ఒత్తిడి పెరుగదు, పలకలు జారును, జారినచోట వేడి పుట్టును, చమురు నల్లబడి మాడిన వాసన వేయును. తీగను పూర్తిగా వదలివేసినచో చేటు మఱింత త్వరగా వచ్చును. దీనిలోని క్రూరత్వము ఏమనగా, ఆ దినములలో ఇంజను మునుపటికంటె చక్కగా పలుకుచుండును. క్రొత్త కార్బ్యురేటరును యజమాని మెచ్చుకొనుచుండగనే దానికంటె ఎన్నో రెట్లు ఖరీదైన గేరుబాక్సు క్రింద కాలిపోవుచుండును.

నింద గేరుబాక్సు మీదనే పడినది. తొలి సంవత్సరములలో దానికి స్వతస్సిద్ధమైన బలహీనతలు లేకపోలేదు. 1987 నాటికి అవి చాలవఱకు సవరింపబడినవి. కాని మంచి పలకలైనను అదిమిపట్టు బలము లేనిచో ఏమి చేయగలవు?

విరుగుడు కష్టమైనది కాదు. మేకు స్థానమును సరిచేయు చిన్న లోహపు ముక్కలు, తీగ కోణమును నిలుపు బ్రాకెట్లు అంగళ్లలో దొరకును. అవి బిగించిన తరువాత ఇంజను ఆపి, ఒకరు పెడలును నేల వఱకు తొక్కియుండగా రెండవవారు చూడవలెను: తలుపు పూర్తిగా తెఱచుకొన్నప్పుడే తీగయు పూర్తిగా సాగవలెను, ముందుగా కాదు, వెనుకగా కాదు. పెడలు కొంచెము కదలగనే తీగయు కదలుట మొదలు కావలెను. నమ్మకము చాలనివారు గేరుబాక్సు ప్రక్కనున్న మఱ విప్పి ఒత్తిడి గడియారమును తగిలించి చూచుకొందురు. కార్బ్యురేటరు ఖరీదుతో పోల్చినచో ఇదంతయు స్వల్పము.

1987 నమూనాలతో షెవ్రొలే పికప్పులు కార్బ్యురేటరును విడిచి పెట్రోలును చిమ్ము పద్ధతికి మారినవి. 700-ఆర్4 వంశమున 1993లో వచ్చిన 4ఎల్60-ఇ గేరుబాక్సునకు తీగ యక్కఱ లేదు. ఒక చిన్న కంప్యూటరు విద్యుత్సంకేతములతో ఒత్తిడిని శాసించును. అయినను పాత ట్రక్కుల అభిమానులు ఈ క్రొత్త గేరుబాక్సును కార్బ్యురేటరు ఇంజనుకు జత చేయుచునే యున్నారు. కంప్యూటరునకు కాలి సంగతి తెలియవలెను గనుక వారు ఒక చిన్న విద్యుత్పరికరమును కొని, కార్బ్యురేటరు తలుపు ఇరుసునకే తగిలించి, పెడలును తొక్కి, తలుపు తెఱచుకొన్నంతయు అది చెప్పుచున్నదో లేదో పరీక్షించుకొందురు.