బూట్ల షాపులో ఎక్స్‌రే పెట్టె

1930లు, 40లలో అమెరికా పిల్లలకు బూట్ల షాపుకి వెళ్లడమంటే తిరునాళ్లకు వెళ్లినంత సంబరం. షాపులో నాలుగడుగుల ఎత్తున నున్నటి చెక్క పెట్టె ఒకటి ఉండేది. కొత్త బూట్లు తొడుక్కున్న పిల్లవాడు దాని గట్టెక్కి, కింద ఉన్న సందులో పాదాలు దూర్చి నిలబడేవాడు. పైన చూడటానికి మూడు గూళ్లు: ఒకటి వాడికి, ఒకటి వాళ్లమ్మకి, ఇంకొకటి సేల్స్‌మన్‌కి. మీట నొక్కగానే పచ్చటి వెలుగులో వేళ్ల ఎముకలు, వాటి చుట్టూ బూటు అంచు, అడుగున కొట్టిన మేకులతో సహా కనిపించేవి. వేళ్లు ఆడిస్తే ఎముకలు ఆడేవి. ఒక్కసారి చూసి ఊరుకునే పిల్లలెవరు?

అది నిజమైన ఎక్స్‌రే యంత్రమే. బోస్టన్ వైద్యుడు జేకబ్ లోవ్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల పాదాలను బూటు విప్పకుండానే పరీక్షించడానికి ఇలాంటి పరికరం వాడాడు. యుద్ధం ముగిశాక దాన్ని బూట్ల షాపులకు పనికొచ్చేలా మార్చి, 1919లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అది చేతికొచ్చేసరికి 1927 అయింది. అమెరికాలో మిల్వాకీకి చెందిన ఏడ్రియన్ కంపెనీ, ఇంగ్లండ్‌లో సెయింట్ ఆల్బన్స్‌లోని పెడోస్కోప్ కంపెనీ ఈ యంత్రాలను తయారుచేసి అమ్మాయి. 1950ల తొలినాళ్లకు అమెరికాలో సుమారు 10,000, బ్రిటన్‌లో 3,000, కెనడాలో 1,000 యంత్రాలు పనిచేస్తున్నాయని అంచనా.

ఇంత హంగామా ఎందుకంటే, బూటు బిగుతుగా ఉందో లేదో చిన్నపిల్లలు నమ్మకంగా చెప్పలేరు. చెప్పు కరిస్తే పెద్దవాళ్లకు వెంటనే తెలుస్తుంది. రెండేళ్ల పిల్లకు అలా తెలియదు. ఆ వయసులో పాదంలో ఎముకగా మారాల్సిన భాగం చాలావరకు ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది. ఇరుకు బూటులోకి కాలు సర్దుకుపోతుంది, వేళ్లు ముడుచుకుంటాయి, పిల్ల ఆడుకుంటూనే ఉంటుంది. పైగా ఒకటి నుంచి మూడేళ్ల మధ్య పాదం నెలకు ఒక మిల్లీమీటరుకు పైగానే పెరుగుతుంది. ఉగాదికి కొన్న బూటు దసరాకు పట్టదు.

మరి కొలత ఎలా? ఇంగ్లిష్ కొలత బార్లీ గింజతో మొదలైంది. మూడు గింజలు పొడవునా పేరిస్తే అంగుళం. ఒక సైజుకీ తర్వాతి సైజుకీ తేడా ఒక గింజ, అంటే అంగుళంలో మూడో వంతు. పిల్లల సైజులు నాలుగు అంగుళాల దగ్గర సున్నాతో మొదలై 13 దాకా వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ 1తో పెద్దల వరుసలో పడతాయి. జూన్‌లో బడులు తెరిచేముందు విజయవాడలోనో వరంగల్‌లోనో స్కూలు బూట్లు కొనే తల్లిదండ్రులను ‘పోయినేడు 13, ఈ ఏడు 1 ఏమిటి?’ అని తికమకపెట్టేది ఈ పాత లెక్కే. అందులో వెడల్పు ఊసే లేదు.

పాదం ఆకారం సంగతి డాక్టర్లు పట్టించుకోవడానికి ఇంకా టైము పట్టింది. 1781లో డచ్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు పెట్రుస్ కాంపర్ మంచి బూటు ఎలా ఉండాలో చెబుతూ ఏకంగా ఒక గ్రంథం రాశాడు. గుర్రాల, ఎద్దుల గిట్టల మీద పెట్టే శ్రద్ధ మనిషి పాదం మీద పెట్టడం లేదని ఆయన గోల. అప్పటికి యూరప్‌లో కుడి ఎడమల తేడా లేని బూట్లే వాడుక. ఏది కుడో ఏది ఎడమో తొడిగిన కాలే దానికి నేర్పాలి. 1858లో జ్యూరిచ్‌కు చెందిన హెర్మన్ ఫోన్ మేయర్, బొటనవేలి మధ్య నుంచి గీసిన గీత మడమ మధ్యకు చేరేలా బూటు కుట్టాలని వాదించాడు. 1883లో ఇంగ్లండ్‌లోని క్లార్క్స్ సంస్థ పాదం ఆకారాన్ని అనుసరించే ‘హైజీనిక్’ బూట్లు అమ్మకానికి పెట్టింది.

ఎక్స్‌రే పెట్టె రాజ్యమేలిన రోజుల్లోనే దానికన్నా ఎంతో బుద్ధిగల పరికరం ఒకటి పుట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూస్‌లో బూట్ల వ్యాపారి కొడుకు చార్ల్స్ బ్రానక్. పిల్లలు ఆడుకునే ఎరెక్టర్ సెట్ లోహపు పట్టీలతో మొదటి నమూనా బిగించి, 1928లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా షాపుల్లో వాడే కొలబద్ద పొడవునే గట్టిగా పట్టుకునేది. బ్రానక్ సాధనం మడమ నుంచి వేలి కొస దాకా, మడమ నుంచి పాదం వంగే చోటు దాకా, ఆపైన వెడల్పు, ఇలా మూడు కొలతలు తీస్తుంది. పాదం వంగే చోట బూటు కూడా వంగాలన్న చిన్న విషయాన్ని అంకెలోకి తెచ్చిన ఘనత అతనిదే. కరెంటు అక్కర్లేదు, ప్రమాదం లేదు. పిల్లలకు వినోదం కూడా లేదనుకోండి, బహుశా అదే దానికున్న లోపం.

ఎక్స్‌రే యంత్రం బూటు సరిపోయిందో లేదో చెప్పే పని కూడా సరిగ్గా చేయలేదు. అది పైనుంచి నీడ మాత్రమే చూపిస్తుంది, బూటు లోపలి ఎత్తు తెలియదు. అంతకన్నా పెద్ద చిక్కు, మృదులాస్థి ఎక్స్‌రేలో దాదాపు కనబడదు. చిన్నపిల్లల పాదంలో దేన్ని కాపాడాలో దాన్నే వదిలేసి బొమ్మ చూపించేదన్నమాట. అయినా ‘సైన్సు చూపించింది’ అంటే తల్లులకు అదో భరోసా. సేల్స్‌మన్‌కేమో బేరం కుదిరిపోయేది.

ప్రమాదం ఆలస్యంగా బయటపడింది. ఒక్కో చూపు ఇరవై సెకన్ల దాకా సాగేది. మూడు జతలు ప్రయత్నిస్తే మూడు సార్లు. కవచం సరిగా లేని పెట్టెల నుంచి కిరణాలు చుట్టుపక్కలకు చెదిరేవి. రోజంతా పక్కనే నిలబడే ఉద్యోగులకు ఎంత సోకేదో లెక్క కట్టినవాళ్లు మొదట్లో తక్కువ. 1946లో అమెరికా ప్రమాణాల సంఘం ఒక బిడ్డకు ఏడాదిలో పన్నెండు సార్లకు మించకూడదని హద్దు పెట్టింది. పిల్ల ఆ ఊళ్లో ఎన్ని షాపులెక్కిందో ఎవరు రాసిపెడతారు? 1949 నుంచి వైద్య పత్రికల్లో హెచ్చరికలు గట్టిపడ్డాయి. 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రం వీటిని నిషేధించింది. మిగతా రాష్ట్రాల్లో చాలావరకు తర్వాతి ఏళ్లలో అదే బాట పట్టాయి.

అసలు పిల్లలకు బూటు అంతగా అవసరమా అన్న ప్రశ్నకు జవాబు మన దక్షిణాది నుంచి వచ్చింది. కస్తూర్బా మెడికల్ కాలేజీ వైద్యులు ఉదయ భాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ నాలుగు నుంచి పదమూడేళ్ల పిల్లలు 2,300 మంది పాదముద్రలు పరిశీలించి 1992లో ఫలితాలు ప్రచురించారు. పాదరక్షలు వాడేవాళ్లలో చదునుపాదం 8.6 శాతం, ఒట్టి కాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతం. వేళ్లను మూసేసే బూట్లు తొడిగే పిల్లలకన్నా చెప్పులు, శాండల్స్ వేసుకునేవాళ్ల పరిస్థితి నయం. మన ఊళ్లలో అయిదారేళ్ల దాకా పిల్లలను వాకిట్లో ఒట్టి కాళ్లతో వదిలేసే నాయనమ్మలకు ఇది కొత్త సంగతేమీ కాదు.

మన పాదాల కొలత మన దగ్గర తీసే ప్రయత్నం మాత్రం ఈమధ్యదే. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 2021 డిసెంబరు, 2022 మార్చి మధ్య దేశమంతటా లక్షమందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిపించింది. మనవాళ్ల పాదం పాశ్చాత్యుల పాదంకన్నా వెడల్పని తేలింది. ఆ కొలతలతో ప్రతిపాదించిన ‘భా’ పద్ధతిలో ఎనిమిది వయో వర్గాలుంటే, మొదటి నాలుగూ పదకొండేళ్లలోపు పిల్లలవే.

ఆ సైజులు మన షాపుకి వచ్చేదాకా ఏం చేయాలి? ‘ఎదిగే కాళ్లు కదా, ఒక సైజు ఎక్కువే తీసుకో’ అన్నది మన ఇళ్లలో పాత లెక్క. కానీ బూటు ముందు బొటనవేలితో నొక్కి చూడటం నమ్మకం కాదు. పిల్ల వేళ్లు లోపల ముడుచుకుంటే ఖాళీ ఉన్నట్టే తగులుతుంది. 2009లో ఆస్ట్రియాలో 858 మంది బడికి వెళ్లే వయసు రాని పిల్లలను పరిశీలిస్తే, బొటనవేలు వంకర లేకుండా తిన్నగా ఉన్న పాదాలు 23.9 శాతమే. ఎక్కువమంది బూట్లు పొట్టివే. ఇంకో తేలికైన దారి ఉంది: నిలబెట్టి రెండు పాదాలూ గీసి, పెద్ద పాదం పొడవుకు 12 మిల్లీమీటర్లు కలిపి అట్టముక్క కత్తిరించి, కొనబోయే బూటులోకి దూర్చాలి. అట్ట వంగితే సైజు మార్చమనాలి.